ఎడమ అద్దం

ఆ వానాకాలమంతా మా నాన్న లారీ టైరుతో మాట్లాడాడు. నేను పక్కన నిలబడి వినేదాన్ని. ఆయనకేం మతి పోలేదు. నాతో మాటలు మానేశాడు, ఉద్యోగమేమో నోరు తెరిచి తీరాలంటోంది. మధ్యలో పాపం టైరు దొరికింది.

మా కంపెనీ రెండు ఊళ్ళ మధ్య సరుకు తోలుతుంది. బియ్యం బస్తాలు, పెయింటు డబ్బాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరేం బుక్ చేస్తే అది. అంతకుముందు ఒకే డ్రైవరు లోడెత్తుకుని అవతలి ఊరి దాకా పోయి, లారీలోనే నడుం వాల్చి, మర్నాడు తిరుగు లోడుతో వచ్చేవాడు. ఆ ఏడు వానలకు ముందు కొత్త పద్ధతి పెట్టారు. పొద్దున్నే ఆ ఊరి నుంచి ఒక లారీ, ఈ ఊరి నుంచి ఒక లారీ బయల్దేరతాయి. దారి మధ్యలో కంపెనీ యార్డులో మధ్యాహ్నానికి కలుస్తాయి. అక్కడ డ్రైవర్లు లారీలు మార్చుకుని ఎవరి ఊరికి వాళ్ళు వెనక్కి తిరుగుతారు. సరుకు ముందుకు పోతుంది, మనిషి ఇంటికి పోతాడు. సాయంత్రానికల్లా పెళ్ళాం బిడ్డల మొహం చూడొచ్చని డ్రైవర్లంతా మేనేజరుకు దండాలు పెట్టారు.

నాకు ఎదురు వచ్చే లారీ మా నాన్నది.

ఇది ఎలా వచ్చిపడిందంటే, నేను మా ఊళ్ళోనే కంపెనీ బుకింగ్ ఆఫీసులో కూర్చునే ఉద్యోగం చేసేదాన్ని. కూర్చోలేక లైసెన్సు తెచ్చుకున్నాను. స్టీరింగ్ ఇమ్మని అడిగితే నాన్న నిప్పు తొక్కినట్టు లేచాడు. "ఇంటికో డ్రైవరు చాలు. ఈ ఉద్యోగంలో ఏముందో నాకు తెలుసు, నీకు తెలీదు" అన్నాడు. ఏముందో చెప్పమన్నాను. చెప్పలేదు. తనుండగా మా ఊరి డిపోలో నాకు బండి ఇవ్వొద్దని మేనేజరుతో చెప్పి వచ్చాడు. నేనేం తక్కువదాన్నా, అవతలి ఊరి డిపోకు వెళ్ళి అడిగాను. వాళ్ళకు మనుషులు చాలడం లేదు, ఇచ్చేశారు. ఆ రోజుతో నాన్నకూ నాకూ మాటలు తెగాయి. కొత్త పద్ధతి వచ్చినప్పుడు మా ఇద్దరినీ ఎదురెదురు వేసిన మేనేజరు, తండ్రీకూతుళ్ళు రోజూ కలుసుకుంటారని మంచి మనసుతోనే వేశాడట. ఆయన పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు.

యార్డులో ఒక కట్టుబాటుంది. లారీ వదిలే డ్రైవరు, ఎక్కబోయే డ్రైవరుకు బండిలో ఉన్న లోపాలన్నీ నోటితో చెప్పాలి. దాన్ని ఒప్పగింత అంటారు. అవతలి వాడు అంతా విని "తీసుకున్నా" అనాలి. అప్పుడే తాళాలు చేతులు మారతాయి. లోపం పెద్దదని తోస్తే "తీసుకోను" అనే హక్కు కూడా ఉంది. అలా అంటే బళ్ళు బాగుచేసే మేస్త్రీ తేల్చేదాకా రెండు లారీలూ కదలడానికి వీల్లేదు, ఆఫీసుకు ఫోన్ వెళుతుంది, ఆ పూట రెండు ఊళ్ళలోనూ సరుకు కోసం చూసేవాళ్ళు తిట్టుకుంటారు. అందుకని ఎవరూ ఆ మాట అనరు.

మొదటిరోజు నేను కొత్త లారీ తెచ్చాను, నాన్న పాత లారీ తెచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది. ఆయన దిగి, నా వంక చూడకుండా, ముందు టైరును కాలితో తన్ని దానితో చెప్పాడు. "క్లచ్చు పైన పడుతోంది. వెనక పట్టా తాడు ఒక మూల వదులు. అంతే."

"తీసుకున్నా" అన్నాను. తర్వాత నా వంతు. హారను తడిస్తే మోగడం లేదని నేనూ చెప్పాను, కాకపోతే ఆయన మొహంలోకి చూసి చెప్పాను. ఆయన టైరుతోనే "తీసుకున్నా" అన్నాడు.

యార్డు మేస్త్రీ షెడ్డు గుమ్మంలో కూర్చుని చేతులకున్న గ్రీజు తుడుచుకుంటున్నాడు. నాన్నకు పాత స్నేహితుడు, నేను బాబాయ్ అంటాను. మీ మధ్యన పడి ఆ టైరు నలిగిపోయేట్టుందే అని నవ్వాడు. మేమిద్దరం నవ్వలేదు.

లారీ ఎక్కితే సీటు ఇంకా వెచ్చగా ఉంది. నాన్న పొడుగు కాళ్ళకు సరిపోయేట్టు బాగా వెనక్కి జరిపి ఉంది. ముందుకు లాక్కుని, అద్దాలు నా ఎత్తుకు దించుకుని బయల్దేరాను. క్యాబిన్ నిండా ఆయన వాడే సబ్బు వాసన. రోజు మొత్తంలో నాకు తగిలే మనిషి వెచ్చదనం ఆ సీటుదొక్కటే అని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అవతలి ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. మేడ మీద రేకుల గది అద్దెకు తీసుకున్నాను. వాన పడితే రేకుల మోతలో నా ఫోను మోగినా నాకు వినపడేది కాదు. ఒక్కదానికి వండుకోవడం చేతకాక మొదట్లో నలుగురికి సరిపడా వండేసి, మర్నాడు పారబోసేదాన్ని. తర్వాత నేర్చుకున్నాను. గిన్నెలోంచే, నిలబడే, కిటికీలోంచి కింద ఆడుకునే పిల్లల్ని చూస్తూ తినేదాన్ని. రోడ్డు మీద కూడా అంతే. పొద్దుటి నుంచి యార్డు దాకా ఒక్కదాన్నే, యార్డు నుంచి ఊరి దాకా ఒక్కదాన్నే. మధ్యలో కాసేపు మా నాన్న, ఆయన టైరు.

కొన్నాళ్ళకు నాకు నోరు లేదేమోనన్న అనుమానం వచ్చి, లారీలో ఎదురొచ్చే బోర్డులన్నీ పైకి చదవడం మొదలుపెట్టాను. సిమెంటు, ఎరువులు, మేలైన విత్తనాలు, ముందు వంతెన ఉంది జాగ్రత్త. ఒకరోజు ఏ బోర్డూ లేనిచోట ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు. లారీ ఆపలేదు, ఏడుస్తూనే నడిపాను. నాన్నకు తెలుసన్నది ఇదేనని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లో ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అది గర్వమనో, మా మీద కోపమనో అనుకున్నాం. ఒంటరిగా ఉండీ ఉండీ మాట ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోయిన మనిషాయన.

అమ్మ రోజూ ఫోన్ చేసేది. ఏం తిన్నావని మొదలుపెట్టి, నాన్న మీద చాడీలతో ముగించేది. ఆయన ఈమధ్య నీళ్ళు గ్లాసులో కాకుండా బల్ల మీద పోస్తున్నాడట. గుమ్మం దాటుతూ తలుపు చెక్కకు భుజం కొట్టుకుంటున్నాడట. "నీ మీద కోపం గోడల మీద చూపిస్తున్నాడే. ఇల్లు కూలేలోపు మీరిద్దరూ మాట్లాడుకోండి" అంది. నేను నవ్వేశాను.

వానలు బాగా ఊపందుకున్నాక ఒకరోజు నాన్న ఒప్పగింతలో కొత్త మాట వచ్చింది. "ఎడమ అద్దం మసక" అన్నాడు, పాత లారీ టైరుతో. ఆ వానలో ఏ అద్దం మసక కాదు గనక. తీసుకున్నానన్నాను. మేస్త్రీ బాబాయి పాతగుడ్డతో తుడిచి ఇచ్చాడు. మర్నాడు నాన్న కొత్త లారీ తెచ్చాడు. ఎడమ అద్దం మసక అన్నాడు. ఆ మర్నాడు మళ్ళీ పాత లారీ, మళ్ళీ అదే మాట. బాబాయికి విసుగొచ్చింది. ఒప్పగింతలో లోపం చెప్పాక బాగు చెయ్యకపోతే మాట పడేది ఆయనే. షెడ్డులోంచి కొత్త అద్దం తెచ్చి, పాతది ఊడబెరికి, కొత్తది బిగించాడు. "ఇదిగో అన్నా, దీంట్లో చూసి గడ్డం గీసుకోవచ్చు" అన్నాడు. నాన్న అద్దం కేసి చూసి తలూపాడు.

రెండు రోజుల తర్వాత ఆ లారీతోనే వచ్చి, టైరును తన్ని, ఎడమ అద్దం మసక అన్నాడు.

ఆ రోజు వాన లేదు. నేను తీసుకున్నానని లారీ ఎక్కి, కాస్త దూరం పోయాక ఎండ కాసింది. అద్దంలో చూశాను. వెనక రోడ్డు, దాని మీద ఆరుతున్న తడి, పక్క చేల గట్లు, దూరంగా ఎవరో మోసుకెళుతున్న కట్టె మోపు, అన్నీ కడిగి పెట్టినట్టు ఉన్నాయి. రెండు లారీల్లోనూ ఒకే అద్దం మసక ఎలా అవుతుంది? పాతదానికి కొత్త అద్దం వేసినా పోని మసక ఎక్కడిది? లారీ పక్కకు తీసి ఆపాను. నా ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, ఆయన కూర్చున్నట్టు కూర్చుని, తల తిప్పకుండా అద్దం వంక చూశాను. అద్దం ఉన్నచోట మసక తప్ప ఏమీ లేదు.

దిగి ఎడమ పక్కంతా చూసుకున్నాను. మెట్టు కింద నుంచి వెనక చక్రం దాకా కొత్త గీత, దాని వెంబడి ఏదో కమ్మీకి వేసిన పచ్చ రంగు అంటుకుని ఉంది. ఒప్పగింతలో ఇది చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఆయనకు తెలీదు.

ఆ సాయంత్రం నేనే అమ్మకు ఫోన్ చేసి, నాన్న కళ్ళు ఎవరికైనా చూపించారా అని అడిగాను. ఆయన తనను సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడు కళ్ళు చూపించాలటా అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "గ్లాసు ఎప్పుడూ ఎడమ పక్కనే పెడతానే" అంది నెమ్మదిగా.

అమ్మ చెబితే వినడు. నేను చెబితే అసలే వినడు. ఆఫీసులో చెబితే ఒక్క మాటతో అయిపోతుంది. కానీ ఆ మాట నా నోట వస్తే, పంతం కొద్దీ తండ్రి చేతిలోంచి స్టీరింగు లాక్కుందని రెండు డిపోలూ అనుకుంటాయి. వాళ్ళ సంగతి సరే, ఆయనే అనుకుంటాడు. చెప్పకపోతే ఆయన రేపు పొద్దున్నే మళ్ళీ బయల్దేరతాడు. ఆ గీత పడ్డచోట కమ్మీకి బదులు ఒక మనిషి నిలబడి ఉంటే? ఏ గుంటలోకో ఆయనే దిగబడితే? మర్నాడు యార్డుకు పోయేదాకా, దారిలో ఎదురైన ప్రతి సైకిలువాడూ ప్రాణాలతో ఉన్నందుకు మనసులో దండం పెట్టుకున్నాను.

యార్డు చేరేసరికి నాన్న ముందే వచ్చి ఉన్నాడు. గోళ్ళు కొరుక్కునే అలవాటు నాకు చిన్నప్పుడే పోయింది, ఆ రోజు మళ్ళీ వచ్చింది. ఆయన టైరు దగ్గరికి వెళ్ళాడు.

"బ్రేకులు బానే ఉన్నాయి. ఎడమ అద్దం మసక. అంతే."

"తీసుకోను" అన్నాను.

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. బాబాయి బయటికొచ్చాడు. ఆ మాట విని ఆయనకు ఎన్నేళ్ళయిందో, ముందు సరిగ్గా విన్నాడో లేదోనని చెవి రుద్దుకున్నాడు. ఏంటమ్మా లోపం అని అడిగాడు. ఎడమ అద్దం అని చెప్పాను. బాబాయి లారీ మెట్టెక్కి, అద్దాన్ని మోచేత్తో తుడిచి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి దిగాడు. అద్దం అద్దంలాగే ఉంది, ఇంతమాత్రం దానికి బళ్ళు ఆపుతారా అని నన్నే కసిరాడు.

నాన్న టైరు మీదనుంచి కళ్ళెత్తి నన్ను చూశాడు. ఆ వానాకాలంలో అదే మొదటిసారి.

"అద్దం బానే ఉందా?" అన్నాడు.

"బానే ఉంది నాన్నా."

"నీకు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఎక్కి చూసి చెప్పు. ఏం కనిపిస్తోందో చెప్పు."

ఎక్కి కూర్చున్నాను. కనిపించింది కనిపించినట్టు చెప్పాను. వెనక నీళ్ళ కుళాయి ఉంది, సరిగ్గా కట్టక కారుతోంది. కుళాయి కింద బకెట్టు, బకెట్టు అంచు మీద కాకి. గోడకు ఆనించి విరిగిన నిచ్చెన. తీగ మీద బాబాయి చొక్కా, ఒక చెయ్యి లోపలికి మడిచి ఉంది. నేను చెబుతున్నకొద్దీ నాన్న ఒక్కొక్కదాని వైపూ తల పూర్తిగా తిప్పి చూసుకుంటున్నాడు. కాకి దగ్గర కాసేపు ఆగాడు. అది ఎగిరిపోయింది.

నేను దిగేసరికి బాబాయికి కూడా సంగతి అర్థమై తల దించుకుని ఉన్నాడు. నాన్న జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఆఫీసుకు ఫోన్ చెయ్యి. బండి బాగుంది, డ్రైవరే ఫెయిలని చెప్పు" అన్నాడు.

కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. నాన్నా నామీద కోపమా అని అడిగాను. చేతి గుడ్డతో తుడుచుకుంటూ, "నువ్వు అనకపోతే రేపు నేనే ఎవర్నో చంపేవాణ్ణి కదమ్మా" అన్నాడు. నన్ను అమ్మా అని పిలిచి ఎన్ని నెలలైందో.

తర్వాతి సంగతులు త్వరగానే జరిగిపోయాయి. ఎడమ కంటి నరం ఎప్పుడో దెబ్బతిందని, అది ఇక రాదని, కుడి కన్నునైనా కాపాడుకోవాలని డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. నాన్న ఇంటిపట్టున ఉండిపోయాడు. మా ఊరి డిపోలో ఆయన ఖాళీ చేసిన బండి నాకే ఇచ్చారు. రేకుల గది వదిలేసి ఇంటికొచ్చాను. ఇప్పుడు నాకు ఎదురొచ్చే డ్రైవరు మంచివాడు, ఒప్పగింత నా మొహంలోకి చూసే చెబుతాడు, అడగని కబుర్లు కూడా చెబుతాడు. అయినా యార్డు కనబడేచోటికి రాగానే, అక్కడ ఆయన ఉండడని తెలిసి కూడా నాకు రోజూ కొత్తగా దిగులేస్తుంది.

ఇవన్నీ తర్వాతి మాట. ఆ రోజు అవతలి ఊరికి పోవాల్సిన లారీకి వాళ్ళ డిపో వేరే డ్రైవర్ని పంపుతామంది. రెండోదాన్ని మా ఊరికి నన్ను తీసుకెళ్ళమన్నారు, నాన్నతో సహా. ఆయన అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి, ఆగి, ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు. ఆ వైపు మెట్టు ఎక్కడుందో ఆయనకు తెలీదు. ఎన్నడూ అటు ఎక్కలేదు. కాలితో వెతుక్కుంటుంటే దిగి సాయం చేద్దామనుకుని, చెయ్యలేక, స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాను.

సగం దారి దాటాక ఆయనే అడిగాడు, ఈ ఉద్యోగంలో ఏముందని అప్పుడు అడిగావుగా, తెలిసిందా అని. తెలిసిందన్నాను. "ఇంకో మనిషి పక్కనుంటే ఈ రోడ్డు ఇంత చిన్నదని నాకు తెలీదు" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనకు ఊపొచ్చి, ఏ వంతెన దగ్గర ఏ ఏడు నీళ్ళొచ్చాయో, ఏ మలుపులో లోడు జారిందో, నేను పుట్టిన కబురు ఏ పెట్రోలు బంకులో తెలిసిందో చెప్పుకుంటూ వచ్చాడు. అవన్నీ ఇంట్లో మేం ఎప్పుడూ వినలేదు. నేను లారీని కావాలనే నెమ్మదిగా నడిపాను.

ఊరి దగ్గర పెద్ద రోడ్డు మీంచి ఎడమకు తిరగాలి. ఇండికేటరు వేసి వేగం తగ్గించాను. నాన్న తనంతట తానే కిటికీలోంచి తల బయటికి పెట్టి, క్లీనరు చూసినట్టు వెనక్కి చూశాడు.

"ఎడమ ఖాళీ. పోనీ" అన్నాడు.

నేను అద్దంలో చూశాను. వెనక చక్రం పక్కన ఒకతను సైకిలు మీద, క్యారియరుకు పాల క్యాను కట్టుకుని, తొక్కుకుంటూ వస్తున్నాడు. బ్రేకు మీద కాలు వేసి ఉంచాను.

"పోనీ అన్నాగా" అన్నాడు నాన్న.

"పోతున్నా నాన్నా. గేరు పడట్లేదు" అన్నాను.

సైకిలతను నాన్న కిటికీ కిందుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా దాటి, ముందుకు వెళ్ళిపోయాడు. నాన్న ఇంకా వెనక్కే చూస్తున్నాడు. అప్పుడు గేరు వేసి లారీని ఎడమకు తిప్పాను.

"రేపు బాబాయికి చెప్పు, గేరుబాక్సు చూస్తాడు. మరిచిపోకు" అన్నాడు తల లోపలికి తీసుకుంటూ.

చెబుతానన్నాను.